క్లబ్‌హౌస్‌కి రానివాళ్ళ లెక్క తీయండి, మెషీన్లు తర్వాత కొనొచ్చు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాచుపల్లి వైపు 420 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. బిల్డర్ ఇచ్చిన క్లబ్‌హౌస్‌లో జిమ్, స్క్వాష్ కోర్టు, స్విమ్మింగ్ పూల్ ఉన్నాయి. బయట టెన్నిస్ కోర్టు, ఒక సిమెంటు బ్యాడ్మింటన్ కోర్టు, పిల్లల ప్లే ఏరియా ఉన్నాయి. వచ్చేది మాత్రం రోజూ చూసే ముప్ఫై ముఖాలే. కార్పస్‌లోంచి, అంటే అసోసియేషన్ మూలనిధిలోంచి, 40 లక్షలు తీయడానికి జనరల్ బాడీ ఒప్పుకుంది. కమిటీలో సగం మంది జిమ్‌కి కొత్త మెషీన్లు కొందామంటున్నారు. మిగతా సగం టెన్నిస్ కోర్టు పీకేసి బాక్స్ క్రికెట్ టర్ఫ్ (చుట్టూ నెట్ కట్టి చిన్న స్థలంలో ఆడే క్రికెట్‌కి కృత్రిమ గడ్డి) వేద్దామంటున్నారు. ఏది చేస్తే జనం వస్తారు అని అడిగారు.

మూడు నెలల వరకు రెండూ వద్దు. ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్దగానే రాయాలి, ఓపిక పట్టండి.

ఈ పనిలో నాకు ఇరవై రెండేళ్ళు. ఒక స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో పూల్ పక్కన విజిల్ పట్టుకుని నిలబడే ఉద్యోగంతో మొదలుపెట్టాను. తర్వాత మేనేజర్‌నయ్యాను. ఇప్పుడు అసోసియేషన్లకి క్లబ్‌హౌస్‌లు సరిచేసి పెడుతున్నాను. మీ కమిటీ చేయబోయే పొరపాటు పదకొండేళ్ళ కిందట నేనే చేశాను. కూకట్‌పల్లి దగ్గర ఒక కమ్యూనిటీలో జిమ్ ఖాళీగా ఉంటోందంటే మెషీన్లు పాతబడ్డాయేమో అనుకున్నాను. మూడు ట్రెడ్‌మిల్లుల్ని ఏడు చేయించాను. గోడ నిండా అద్దాలు, కొత్త ఏసీలు, పెద్ద స్పీకర్లు పెట్టించాను. ప్రారంభం రోజు కొబ్బరికాయ కొట్టి, ఫోటోలు దిగి, మిఠాయిలు పంచాం. నెలరోజులు జాతరలా ఉంది. మూడో నెలకి జనం సగమయ్యారు. ఐదో నెలలో చూస్తే మళ్ళీ ఆ పాతవాళ్ళే. కాకపోతే అంతకుముందు ట్రెడ్‌మిల్ కోసం పది నిమిషాలు ఆగేవాళ్ళు, ఇప్పుడు ఆగక్కర్లేదు. అందరి మెయింటెనెన్స్ డబ్బుతో ముప్ఫై మందికి పది నిమిషాలు మిగిల్చాను, అంతే.

అసలు సంగతి నాకు చెప్పింది అక్కడి సెక్యూరిటీ గార్డు. “సార్, ఆంటీలు డోర్ దాక వస్తరు. అద్దంలకెల్లి లోపటికి చూస్తరు. మల్ల ఎనక్కి ఎల్లిపోతరు” అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. “అప్పుడప్పుడు వస్తుండిరి సార్. మీరు అద్దాలు పెట్టినప్పటిసంది జర ఎక్కువైంది” అన్నాడు.

ఆ రోజు నుంచి ఏ కమ్యూనిటీకి వెళ్ళినా ముందు గార్డుతో, హౌస్‌కీపింగ్ వాళ్ళతో మాట్లాడతాను, కమిటీతో తర్వాత. మీ కమిటీలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ క్లబ్‌హౌస్‌కి వచ్చేవాళ్ళే అయ్యుంటారు. కొత్త మెషీన్లు అడిగేవాళ్ళు జిమ్‌కి వస్తున్నవాళ్ళు. టర్ఫ్ అడిగేవాళ్ళు ఇప్పుడు పార్కింగ్‌లో క్రికెట్ ఆడుతున్నవాళ్ళు. రానివాళ్ళ తరఫున మాట్లాడే మనిషి ఆ మీటింగ్‌లో ఎవరైనా ఉన్నారా?

కాబట్టి ముందు లెక్క. ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం కొని గార్డుకి ఇవ్వండి. గంట గంటకి లోపల ఎంతమంది ఉన్నారో గీతలు పెట్టమనండి. నాలుగు గళ్ళు చాలు: మగవాళ్ళు, ఆడవాళ్ళు, పదిహేనేళ్ళ లోపు పిల్లలు, అరవై దాటినవాళ్ళు. జిమ్, పూల్, కోర్టులు, వాకింగ్ దారి, ఒక్కోదానికి ఒక్కో పేజీ. రెండు వారాలు, శని ఆదివారాలతో సహా. రెండు వారాలూ గార్డుకి కాస్త అదనంగా డబ్బు ఇవ్వండి, ఊరికే చేయించుకోకండి. ఎంట్రీ రిజిస్టరో యాప్ రిపోర్టో చూసి ‘నెలకి తొమ్మిది వందల విజిట్లు’ అని మురిసిపోయే కమిటీలని చాలా చూశాను. అది ముప్ఫై మంది ముప్ఫై సార్లు రావడం. మీ 420 ఫ్లాట్లలో ఇంటికి మూడున్నర మంది చొప్పున వేసుకున్నా దాదాపు పధ్నాలుగు వందల డెబ్భై మంది ఉంటారు. అందులో ముప్ఫై అంటే నూటికి ఇద్దరు.

మీ కమ్యూనిటీ ఒక్కటే ఇలా ఉందని బాధపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం ఉండాలంటుంది. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది ఆ మాత్రం కూడా కదలట్లేదు. ఆడవాళ్ళలో నూటికి 57 మంది, మగవాళ్ళలో 42 మంది. ఈ తేడా మీ గార్డు పుస్తకంలో ఇంకా ఎక్కువగా కనిపిస్తుందని నా అంచనా.

ఇప్పుడు టైమింగ్స్. మీరు రాసిన దాని ప్రకారం క్లబ్‌హౌస్ పొద్దున 5 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 9. మధ్యలో క్లీనింగ్, మెయింటెనెన్స్ అని తాళం. హైదరాబాద్‌లో నేను చూసిన ప్రతి రెండు కమ్యూనిటీల్లో ఒకదాంట్లో ఇదే పద్ధతి. ఇంట్లో ఉండే ఒక ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి అనుకోండి. పొద్దున టిఫిన్లు, లంచ్ బాక్సులు, స్కూల్ బస్సు, ఆయన ఆఫీసు క్యాబ్. పదింటికి ఊపిరి పీల్చుకుంటుంది. పనిమనిషి వచ్చి వెళ్ళేసరికి పదిన్నర. పిల్లల బస్సు మూడున్నరకి వస్తుంది. అంటే ఆవిడకి చేతిలో ఉన్న టైమ్ పదిన్నర నుంచి మూడు. సరిగ్గా ఆ టైమ్‌కే మీరు తాళం వేస్తున్నారు. నాలుగింటికి తాళం తీసేసరికి పిల్లలు, హోమ్‌వర్కు, రాత్రి వంట. రాత్రి షిఫ్ట్ చేసే సాఫ్ట్‌వేర్ పిల్లల సంగతీ అంతే. వాళ్ళు నిద్ర లేచేదే పదకొండింటికి.

క్లీనింగ్‌ని మధ్యాహ్నం రెండు నుంచి మూడుకి మార్చండి. మిగతా టైమంతా తెరిచి ఉంచండి. దీనికయ్యే ఖర్చు అదనపు కరెంటు, సగం షిఫ్టు జీతం. నేను మార్పించిన చోట్ల అన్నిటికంటే ఎక్కువ కొత్త ముఖాల్ని తెచ్చింది ఈ ఒక్క మార్పే, ఏ మెషీనూ కాదు. ‘పదింటి తర్వాత ఎవరొస్తారండీ’ అని ఒక కమిటీ సెక్రటరీగారు నాతో గట్టిగా వాదించారు. రెండు నెలల తర్వాత వాళ్ళావిడే పదకొండింటి బ్యాచ్‌లో చేరింది. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

జిమ్ విషయానికొస్తే, మీరు పంపిన ఫోటోలో తలుపు మొత్తం గాజు. ఎదురుగా లాబీ, లాబీలో సోఫాలు. సాయంత్రం ఆ సోఫాల్లో ఎవరు కూర్చుంటారో నేను చెప్పక్కర్లేదు. మొదటిసారి జిమ్‌కి వచ్చిన మనిషికి అన్నిటికంటే పెద్ద టెన్షన్ బరువు ఎత్తడం కాదు, ఎవరో చూస్తున్నారన్న భావన. ఆ గాజు మీద నేల నుంచి ఆరడుగుల దాకా లోపలిది కనిపించకుండా మసకగా చేసే ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అతికించండి. ఒక్క రోజు పని. లోపల ట్రెడ్‌మిల్లులు తలుపుకి వీపు పెట్టి వరసగా ఉన్నాయి, అంటే ఎక్కినవాళ్ళ వీపు లాబీకి కనిపిస్తుంది. వాటిని పక్క గోడ వైపు తిప్పండి. తిప్పేటప్పుడు ప్రతి ట్రెడ్‌మిల్ వెనక కనీసం రెండు మీటర్లు ఖాళీ ఉండాలి, కాలు జారి వెనక్కి పడితే గోడ తగలకూడదు. ఒక్కోదానికి విడిగా పవర్ పాయింట్ కూడా ఉండాలి. బిల్డర్లు ఈ రెండూ మర్చిపోతుంటారు.

మెషీన్లలో రెండో మూడో తీసేసి నేల ఖాళీ చేయండి. ఈ సలహా ఎక్కడ చెప్పినా నన్ను వింతగా చూస్తారు. కానీ యాభై దాటినవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, కాన్పు తర్వాత మొదలుపెట్టేవాళ్ళకి కావలసింది ఒక చాప, ఒక గట్టి కుర్చీ, ఒక కిలో రెండు కిలోల డంబెల్స్, రబ్బరు బ్యాండ్లు. మీ ర్యాక్‌లో అన్నిటికంటే చిన్న డంబెల్ ఐదు కిలోలది. అది చూడగానే ‘ఇది నా కోసం కాదు’ అని అర్థమైపోతుంది వాళ్ళకి. ఒక మంచి కమర్షియల్ ట్రెడ్‌మిల్ ధరకి ఈ చిన్న సామాను గది నిండా వస్తుంది. ఆ స్పీకర్ల సౌండ్ కూడా తగ్గించండి బాబూ, పక్కవాళ్ళతో మాట్లాడుకోవాలంటే అరవాల్సి వస్తోంది. మాట్లాడుకోవడానికి కూడా వస్తారు జనం.

ఇక్కడ కాసేపు పక్కకి వెళ్తాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ మీ కమ్యూనిటీ గ్రౌండ్‌లో ఏం జరుగుతుందో చూశారు కదా. ఏడాదంతా క్లబ్‌హౌస్ గడప తొక్కని ఆడవాళ్ళు, అరవై ఏళ్ళ అత్తలతో సహా, గంటన్నర రెండు గంటలు ఆపకుండా చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ గుండ్రంగా తిరుగుతారు. దాన్ని ఎవరూ ఫిట్‌నెస్ అనరు. ఎందుకొస్తారు వాళ్ళు? టైమ్ అందరికీ తెలుసు. ఏం చేయాలో చిన్నప్పటి నుంచి తెలుసు. పక్కింటావిడ పిలిచి తీసుకెళ్తుంది. వేసుకున్న చీరతోనే ఆడొచ్చు. అందరూ ఆడేవాళ్ళే, నిలబడి మార్కులు వేసేవాళ్ళు ఉండరు. అలసిపోతే పక్కకి వచ్చి కూర్చోవచ్చు, మళ్ళీ కలవొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మీ జిమ్ దగ్గర వీటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. నేను ఏ క్లబ్‌హౌస్ ప్లాన్ చూసినా ఇదే కొలత పెట్టుకుంటాను.

పాతబస్తీ తాలీమ్‌లలోనూ, అంటే పాతకాలం కుస్తీ వ్యాయామశాలల్లోనూ, ఇదే సూత్రం. ఎర్రమట్టి గోదా, తిప్పడానికి రెండు ముద్గర్లు (బరువైన కర్ర గదలు), ఒక ఉస్తాద్. ఏసీ లేదు, అద్దాలు లేవు. కానీ కొత్త కుర్రాడు వస్తే ఉస్తాద్ పేరు అడుగుతాడు, ఏం చేయాలో చెప్తాడు, రెండ్రోజులు రాకపోతే కబురు పెడతాడు. 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేశారు గుర్తుందా? కట్టింది ఏమీ లేదు, ఉన్న రోడ్డుకి బారికేడ్లు పెట్టారంతే. కుటుంబాలకి కుటుంబాలు నడవడానికి వచ్చాయి.

అందుకే మీరు ట్రెయినర్ మీద పెట్టే డబ్బు మెషీన్ మీద పెట్టే డబ్బు కంటే ముఖ్యం. మీ ట్రెయినర్ ఇప్పుడు బాడీబిల్డింగ్ కుర్రాళ్ళకి స్పాటింగ్ చేస్తూ, అంటే బరువులెత్తేటప్పుడు పక్కన కాపు కాస్తూ ఉంటాడు, పాపం అతని తప్పు కాదు, అడిగేది వాళ్ళే. అతనికి తోడు ఒక మహిళా ట్రెయినర్‌ని పదకొండు నుంచి ఒంటిగంట వరకు పెట్టండి. పన్నెండు మందితో ఎనిమిది వారాల బ్యాచ్ ఒకటి మొదలుపెట్టండి. అందరూ కొత్తవాళ్ళే ఉండాలి, అదే షరతు. ఇంతకుముందు జిమ్ చేసినవాళ్ళని ఆ బ్యాచ్‌లోకి తీసుకోకండి, ఎంత బతిమాలినా సరే. పన్నెండు మంది వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటారు. రానివాళ్ళని మిగతావాళ్ళే లాక్కొస్తారు. ఎనిమిది వారాల తర్వాత పన్నెండులో ఏడెనిమిది మంది నిలిస్తే మంచి ఫలితం అనుకోండి, అందరూ నిలవరు.

స్క్వాష్ కోర్టు. దీన్ని రోజుకి నలుగురు వాడుతున్నారని రాశారు, అందులో ఇద్దరు పిల్లలు టెన్నిస్ బంతితో గోడకి కొట్టుకోవడానికి. బిల్డర్లు స్క్వాష్ కోర్టు ఎందుకు కడతారంటే బ్రోచర్‌లో బాగుంటుంది, స్థలం తక్కువ తింటుంది. 9.75 మీటర్లు పొడవు, 6.4 మీటర్లు వెడల్పు, అంటే సుమారు 32 అడుగులకి 21 అడుగులు. కానీ అందులో ఒక బంగారం లాంటి వస్తువు ఉంది, చెక్క నేల. సరిగ్గా వేసిన స్క్వాష్ నేల కింద స్ప్రింగ్‌లా కాస్త ఊగుతుంది, మోకాళ్ళకి మంచిది. యోగాకీ జుంబాకీ అంతకంటే మంచి నేల మీ కమ్యూనిటీలో ఇంకెక్కడా లేదు. పద్దెనిమిది, ఇరవై మంది చాపలు పరుచుకోవచ్చు. చేయాల్సినవి మూడు. వెనక గాజు గోడకి ఫిల్మ్. ఆ గట్టి గోడల వల్ల మాట ప్రతిధ్వనిస్తుంది కాబట్టి పై భాగంలో సౌండ్ ప్యానెళ్ళు. గాలి ఆడటానికి రెండు ఫ్యాన్లు, ఒక ఎగ్జాస్ట్. ఎర్ర గీతలు అలాగే ఉంచండి. ఆ నలుగురికీ రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు కోర్టు కోర్టులాగే ఇవ్వండి. ఉన్నవాళ్ళని వెళ్ళగొట్టి కొత్తవాళ్ళని తెచ్చుకుంటే కమ్యూనిటీలో శత్రువులు మిగులుతారు. టేబుల్ టెన్నిస్ కూడా ఇందులో పెడదామని మీలో ఒకరు అన్నారట. వద్దు. బల్ల 9 అడుగులకి 5 అడుగులే అయినా ఒక్కటి పెడితే చుట్టూ కదలడానికి సగం గది పోతుంది, ప్రతి క్లాసుకీ మడతపెట్టి తీయడం ఎవరూ చేయరు. అది లాబీలో సోఫాల చోట వేయండి. సోఫాల సమస్య కూడా తీరుతుంది.

బ్యాడ్మింటన్. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి, అక్కడి నుంచి సైనా 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, సింధు 2016లో రజతం తెచ్చాక ఈ ఊళ్ళో ప్రతి గేటెడ్ కమ్యూనిటీకీ ఒక బ్యాడ్మింటన్ కోర్టు తప్పనిసరి అయిపోయింది. మీ కోర్టు సిమెంటుది, పైన కప్పు లేదు, సాయంత్రం గాలికి షటిల్ ఎటో పోతుంది. కప్పు వేయడానికి కొటేషన్ తీసుకున్నామన్నారు. వేసుకోండి, కానీ అసలు అడ్డంకి గాలి కాదు. ఆటగాళ్ళు నలుగురు బాగా ఆడేవాళ్ళు ఆరింటికి ఎక్కితే ఎనిమిదిన్నరకి దిగుతారు. గట్టు మీద ఇద్దరు అమ్మాయిలు, ఒక అంకుల్ రాకెట్లు పట్టుకుని కూర్చుంటారు. నాలుగో రోజు నుంచి రారు. మీరు యాప్‌లో స్లాట్ బుకింగ్ పెట్టి సమస్య తీరిందనుకుంటున్నారు. అర్ధరాత్రి పన్నెండుకి స్లాట్లు తెరుచుకుంటే పన్నెండు దాటి ఒక నిమిషానికి ఎవరు బుక్ చేస్తారు? ఆ నలుగురే.

కోర్టు పక్కన ఒక నల్లబోర్డు, సుద్దముక్క పెట్టండి. వచ్చినవాళ్ళు వరసగా పేరు రాసుకుంటారు. 21 పాయింట్ల ఒక్క గేమ్ అయ్యాక, గెలిచినా ఓడినా నలుగురూ దిగాలి, బోర్డు మీద తర్వాతి నలుగురు ఎక్కాలి. ఎవరి పక్కన ఎవరు ఆడతారో బోర్డే చెప్తుంది, కాబట్టి బాగా ఆడేవాళ్ళు కొత్తవాళ్ళతో ఆడక తప్పదు. మొదటి వారం గొడవలవుతాయి. సీరియస్‌గా ప్రాక్టీస్ చేసేవాళ్ళకి వారానికి మూడు పొద్దులు యాప్ స్లాట్లు వదిలేయండి, సాయంత్రాలు మాత్రం బోర్డుకే. లైట్లు కోర్టు నెత్తి మీద కాకుండా పక్కల నుంచి పడేలా మార్చండి. షటిల్ కోసం పైకి చూస్తే కళ్ళలో పడే లైటు వల్ల ఆట మానేసేది కొత్తవాళ్ళే, అలవాటైనవాళ్ళు సర్దుకుంటారు.

టెన్నిస్ కోర్టుకి మీ కమిటీలో ఉన్న కోరిక బాక్స్ క్రికెట్. నాకూ క్రికెట్ ఇష్టమే. కానీ టర్ఫ్ వేస్తే వచ్చేది పద్దెనిమిది నుంచి ముప్ఫై అయిదు మధ్య మగపిల్లలు, అంటే ఇప్పటికే ఎక్కడో ఒకచోట ఆడుతున్నవాళ్ళు. ఏప్రిల్, మే ఎండలో సింథటిక్ టర్ఫ్ మామూలు గడ్డి కంటే చాలా వేడెక్కుతుంది, మధ్యాహ్నం అడుగు పెట్టలేరు. రాత్రి పదిన్నరకి కేకలు, ఫ్లడ్‌లైట్లు. మీ కోర్టు ఏ, బీ బ్లాకుల మధ్య ఉంది. మొదటి ఫ్లోర్లవాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారు?

దీనికి బదులు ఒక పని. గీతల చుట్టూ పరిగెత్తడానికి వదిలే ఖాళీతో కలిపి టెన్నిస్ కోర్టు స్థలం సాధారణంగా 120 అడుగులకి 60 అడుగులు. పికిల్‌బాల్ అని, టెన్నిస్ లాంటిదే, చిన్న కోర్టులో గట్టి ప్యాడిల్‌తో ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట ఉంది. దాని కోర్టు గీతలు 44 అడుగులకి 20, చుట్టూ స్థలంతో 60 కి 30. అంటే ఒక టెన్నిస్ కోర్టులో నాలుగు పట్టేస్తాయి. నలుగురు ఆడే చోట పదహారు మంది ఆడతారు. సర్వీసు కింది నుంచి వేయాలి, పరుగు తక్కువ, కాబట్టి తాత మనవరాలు ఒక జట్టుగా ఆడొచ్చు. నిజంగా ఆడతారు, నేను చూశాను. టెన్నిస్ గీతలు ఉంచి, వేరే రంగులో పికిల్‌బాల్ గీతలు వేయించండి. ఎత్తి పెట్టుకునే నెట్లు కొనండి. టెన్నిస్‌వాళ్ళకి పొద్దున్న ఇవ్వండి. నచ్చకపోతే పోయింది గీతల పెయింటే. ఒక ఇబ్బంది మాత్రం ముందే చెప్తున్నాను. గట్టి ప్యాడిల్‌కి ప్లాస్టిక్ బంతి తగిలితే వచ్చే ‘టక్ టక్’ శబ్దం బాల్కనీల్లోకి బాగా వినిపిస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకి నెట్లు తీసేయాలి అని మొదటి రోజే రాసి పెట్టండి.

పిల్లల ప్లే ఏరియాలో జారుడుబండ, ఊయల, సీ-సా (ఊగుడు బల్ల) ఉన్నాయి. ఎనిమిదేళ్ళ వరకు సరిపోతుంది. పదకొండు నుంచి పదహారేళ్ళ ఆడపిల్లల కోసం మీ కమ్యూనిటీలో ఏముంది? సాయంత్రం ఇద్దరిద్దరుగా ఫోన్లు పట్టుకుని బ్లాకుల చుట్టూ తిరుగుతుంటారు చూడండి, వాళ్ళు. ఇది మన దగ్గరే కాదు. ఆస్ట్రియాలోని వియన్నా నగరంలో 1996-97లో పార్కుల మీద అధ్యయనం చేస్తే తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కులకి రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. మగపిల్లలు రావడం మాత్రం తగ్గలేదు. కారణం, మధ్యలో ఉన్న ఒకే పెద్ద ఆటస్థలాన్ని మగపిల్లలు పట్టుకుంటే, ఆడపిల్లలు పోటీ పడకుండా తప్పుకునేవాళ్ళు. 1999లో రెండు పార్కుల్ని మార్చారు. పెద్ద స్థలాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కి చోటిచ్చారు, దారులు పెంచారు. ఆడపిల్లలు తిరిగి రావడం మొదలైంది. నేను దీన్నుంచి నేర్చుకున్నది, ఒకే పెద్ద కోర్టు కంటే నాలుగు చిన్నవి మేలని. పికిల్‌బాల్ సలహా వెనక ఇది కూడా ఉంది. ఎదురెదురుగా కూర్చునే రెండు బెంచీలు, పెద్దవాళ్ళు కూడా ఊగగలిగే ఒక గట్టి ఊయల ప్లే ఏరియా అంచున పెట్టించండి. కూర్చునే చోటు కూడా సౌకర్యమే.

నడక గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు, ఆశ్చర్యం. గార్డు పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ గీతలు వాకింగ్ పేజీలోనే పడతాయి, కావాలంటే పందెం. కేబీఆర్ పార్కు చుట్టూ నడవడానికి పొద్దున్నే ఎక్కడెక్కడి నుంచో కార్లు వేసుకుని వస్తారు జనం. అక్కడ ఉన్నది చెట్ల నీడ, అందరూ నడుస్తున్నారన్న ధైర్యం, అంతే. మీ దగ్గర డ్రైవ్‌వే మీద నడుస్తున్నారు, కార్లు పక్క నుంచి పోతుంటాయి, అరవై దాటినవాళ్ళు అదిరిపడుతుంటారు. కాంపౌండ్ గోడ పక్కన ఎనిమిదడుగుల వెడల్పు దారి ఇవ్వండి. ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తుంటే మూడో మనిషి దాటి వెళ్ళాలి కదా. పాలిష్ టైల్స్ వద్దే వద్దు. జులైలో నాచు పట్టి ఒక తుంటి ఎముక విరిగిందంటే ఆ దారి జన్మలో ఎవరూ తొక్కరు. ప్రతి వంద మీటర్లకి చేతులు ఆనించుకునే బెంచీ, గోడ వెంట కానుగ, వేప మొక్కలు, మోకాలి ఎత్తులో చిన్న లైట్లు. అన్నిటికంటే ముఖ్యం, నడక దారికి దగ్గర్లో తాళం వేయని బాత్రూమ్. షుగర్ ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, గర్భిణులు నడక మానేయడానికి సగం కారణం అదే, పైకి చెప్పరు. క్లబ్‌హౌస్ మెట్ల పక్కన ర్యాంప్ కూడా ఈ ఖర్చులోనే కలపండి. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. బిల్డర్ వేసిన నిటారు ర్యాంప్ మీద వీల్‌చైర్ కాదు కదా, పాల క్రేట్ కూడా ఎక్కదు.

పూల్ గురించి పెద్దగా చెప్పను. వేసవిలో అందరికీ కావాలి, అప్పుడే మీరు ట్యాంకర్లు కొంటుంటారు, పూల్ నింపొద్దని గొడవ. ఫిబ్రవరిలోనే దీని మీద తీర్మానం చేసుకోండి. ఆడవాళ్ళకి మహిళా అటెండెంట్‌తో రోజూ ఒక గంట విడిగా పెట్టండి. ఒళ్ళంతా కప్పే స్విమ్ డ్రెస్ వేసుకోవచ్చని బోర్డు మీద రాయండి. నైలాన్ లైక్రాది అయితే చాలు, కాటన్ వద్దనడానికి కారణం దాని పోగులు ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయని కూడా రాయండి, లేకపోతే బట్టల మీద నిఘా అనుకుంటారు. పీహెచ్ 7.2 నుంచి 7.8, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఒకటి నుంచి మూడు), రోజూ కొలిచి అందరికీ కనిపించేలా రాయించండి. లైఫ్‌గార్డు లేని గంటలో గేటుకి తాళం, ఇందులో మొహమాటం వద్దు.

మీరు అడగని ఒక విషయం. మీ రూల్స్ పేజీలో ‘డ్రైవర్లు, మెయిడ్స్, సెక్యూరిటీ సిబ్బందికి ప్రవేశం లేదు’ అని ఉంది. రెండింటి నుంచి నాలుగింటి వరకు లాబీలో వేసే టేబుల్ టెన్నిస్ బల్ల, క్యారమ్ బోర్డు మీద వాళ్ళని ఆడుకోనిస్తే మీకు పోయేదేంటి? అలా ఒప్పుకున్న చోట ఒకటి నాకు తెలుసు. బల్ల విరగలేదు, బ్యాట్లు పోలేదు. ఆ నోటు పుస్తకం నింపేది వాళ్ళే మరి.

డబ్బు సంగతి. టైమింగ్స్, ఫిల్మ్, చిన్న సామాను, ట్రెయినర్, బోర్డు, గీతలు, స్క్వాష్ కోర్టు ప్యానెళ్ళు, బాత్రూమ్, ర్యాంప్ ఇవి మొదట. నా అనుభవంలో ఇదంతా కలిపి 40 లక్షల్లో మూడో వంతుకి మించదు. నడక దారి రెండో విడత. మిగతాది ఎఫ్‌డీలో ఉంచండి. మూడు నెలల తర్వాత అదే గార్డుతో అదే రెండు వారాల లెక్క మళ్ళీ రాయించండి. అప్పటికి కూడా కమిటీకి టర్ఫే కావాలనిపిస్తే కాంట్రాక్టర్‌తో సంతకం చేసే ముందు ఏ, బీ బ్లాకుల మొదటి మూడు ఫ్లోర్లవాళ్ళని పిలిచి మాట్లాడండి.

మొదటి రెండు వారాల పేజీల ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. స్క్వాష్ కోర్టు గాజు గోడ ఏ వైపు తెరుచుకుంటుందో, పైకప్పు నేల నుంచి ఎన్ని అడుగులుందో కూడా టేపు పెట్టి కొలిచి రాయండి. బిల్డర్ డ్రాయింగ్‌లో ఉన్న కొలత కాదు.